పుస్తకంలో ఉంది

పొద్దున కోవిల్‌పట్టిలో రైలెక్కితే, విరుదునగర్‌లో దిగేసరికే నేను సగం రోజు పనిచేసినవాడిలా ఉంటాను. సాత్తూరులో దోసకాయల బుట్టలు ఎక్కుతాయి. వాటితోపాటు ఉప్పూ కారం చల్లిన వాసన ఎక్కుతుంది. ఆ తరువాత నాకు సీటు ఉన్నా లేనట్టే. స్టేషన్ బయట మిరపకాయల గోదాముల గాలి తగిలి రెండు తుమ్ములు తుమ్మి ఆఫీసుకు నడుస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. అలసట నాకు కొత్త కాదు, దాని మీద నాకు కోపం కూడా లేదు. నేను చెప్పబోయే సంగతి మాత్రం ఉత్త అలసట కాదు. దాంట్లో నా తప్పు ఉంది. దాన్ని అలసట మీదకి తోసేయాలని చాలాకాలం చూశాను.

మా ఆఫీసు అంటే పెద్దది అనుకోవద్దు. రెండు గదులు, వెనక ఒక రేకుల షెడ్డు. పప్పు మిల్లుల్లో పప్పు ఆరబెట్టే డ్రమ్ములు ఉంటాయి కదా, వాటి మంటను అదుపులో ఉంచే పెట్టెలు తయారు చేస్తాం. గోడ గడియారమంత పెట్టె. డ్రమ్ములో వేడి ఎంత ఉందో చూసి, మంట పెంచడం, తగ్గించడం, మరీ ఎక్కువైతే బర్నర్ ఆపేయడం దాని పని. పెట్టె లోపల ఒక ప్రోగ్రాం ఉంటుంది. ఆ ప్రోగ్రాం రాసేవాళ్లు చాలా ఏళ్లు ఇద్దరే, అన్నా, నేనూ.

అన్న అంటే నా సొంత అన్న కాదు. నాకన్నా పదేళ్లు పెద్ద, ఆఫీసులో నాకన్నా ముందునించీ ఉన్నవాడు. నేను చేరిన కొత్తలో అందరితోపాటు ఆయనతో తమిళంలోనే మాట్లాడేవాణ్ణి. ఒకరోజు వేడి సోల్డరింగ్ కడ్డీ వేలికి తగిలి, ఆయన నోట అచ్చ తెలుగు తిట్టు ఒకటి వచ్చింది. మా నాయనమ్మ దూడని తిట్టే తిట్టు అది. నేను నవ్వేశాను. ఆయనా నా మొహం చూసి నవ్వాడు. మావాళ్లది నాగలాపురం పక్క నల్లరేగడి, వాన పడితేనే పంట. ఆయనవాళ్లది అరుప్పుకోట్టలో నేత. తరాల కిందట ఈ తమిళ దేశానికి వచ్చిన కుటుంబాలు మావి; ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే, గడప దాటితే తమిళం. ఇద్దరికీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నలభై దాటాక నేను పిల్లల వాచకం ఒకటి కొనుక్కుని అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి ఇవాళ ఇలా రాయగలుగుతున్నాను. ఆయన దిద్దుకోలేదు, ఆ అవసరం ఉందనీ అనుకోలేదు.

ఆయన ప్రోగ్రాం రాసే పద్ధతి వేరుగా ఉండేది. మామూలుగా అందరూ కోడ్ రాసి, ఓపిక ఉంటే పక్కన రెండు ముక్కలు వివరణ రాస్తారు. ఓపిక ఎవరికీ ఉండదు. ఆయన తిరగేసి చేసేవాడు. ముందు ఒక మనిషికి చెప్పినట్టు సంగతి మొత్తం రాస్తాడు. డ్రమ్ము ఎందుకు తిరుగుతుంది, వేడి ఎక్కడ కొలవాలి, అక్కడే ఎందుకు కొలవాలి. ఆ మాటల మధ్య, అవసరమైన చోట, కోడ్ ముక్క ఒకటి పెడతాడు. ప్రతి ముక్కకీ ఒక పేరు. అలా రాసిన ఫైలుని ఒక టూల్‌కి ఇస్తే అది రెండు పనులు చేస్తుంది. ముక్కలన్నీ ఏరి, యంత్రానికి కావలసిన వరసలో పేర్చి ప్రోగ్రాంగా తీస్తుంది. మాటలూ ముక్కలూ కలిపి మనుషులు చదివే పుస్తకంగా కూడా అచ్చు వేస్తుంది. రెండో పనికి ఇంగ్లీషులో నేత అనే పేరు పెట్టారని తెలిసి ఆయన రోజంతా మురిసిపోయాడు.

ఆ మాటలు ఆయన తెలుగులో రాసేవాడు. తమిళ అక్షరాలతో తెలుగు. ఆఫీసులో అందరూ దాన్ని చూసి నవ్వేవారు. అక్షరాలు చదవగలరు, అర్థం మాత్రం అందదు. తమిళంలో రాయొచ్చు కదా అని ముదలాళి, అంటే మా యజమాని, ఒకటి రెండుసార్లు అడిగాడు. తనకు ఆలోచన వచ్చేదే ఇంటి మాటలో అనీ, మార్చి రాస్తే ఆలోచన పలచబడిపోతుందనీ ఆయన జవాబు చెప్పాడు. పెట్టెలు బాగా పనిచేస్తున్నాయి కాబట్టి ముదలాళి ఊరుకున్నాడు. అలా పద్నాలుగేళ్లలో ఆ ఫైలు మూడు వందల పుటలైంది. అచ్చు తీసి అట్ట వేయిస్తే రెండు ప్రతులు. ఒకటి ఆఫీసు బీరువాలో, ఒకటి ఆయన దగ్గర. మేమిద్దరం దాన్ని పుస్తకం అనే పిలిచేవాళ్లం.

ఆయన రాస్తున్నప్పుడు నేను పక్క కుర్చీలోనే ఉండేవాణ్ణి. రాసే ముందు ప్రతి వాక్యం పైకి అనేవాడు. అందుకని ఆ పుస్తకం మొత్తం నాకు వచ్చు అనే నమ్మకం నాలో కుదిరిపోయింది. విన్నాను కాబట్టి చదివినట్టే అనుకున్నాను.

నా గురించి కూడా ఒక మాట చెప్పాలి. నేను అడిగితే తప్ప చెప్పే రకం కాదు. ఇంట్లో అన్నంలో ఉప్పు తక్కువైనా చెప్పను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నువ్వు ఆ అమ్మకి పెద్దన్నవి అని మా ఇంటావిడ ఎత్తిపొడుస్తుంది. ఆఫీసులో నన్ను ఎవరూ అడిగేవారు కాదు. ఏం కావాలన్నా అన్నని అడిగేవారు. ఆయన పనిమానేసి వెళ్లిపోయాక ఎవరినీ అడగడం మానేశారు. నాకు అది బాధగానే ఉండేది. ఇన్నేళ్లు పనిచేసినవాడు ఇక్కడ కూర్చుని ఉన్నాడు కదా, ఒక మాట అడుగుదాం అని ఎవరికీ తోచదా అని లోపల లోపల ఉడికిపోయేవాణ్ణి. పైకి మాత్రం ఏమీ అనేవాణ్ణి కాదు.

అన్న వెళ్లిపోయే రోజు ముదలాళి శాలువా కప్పాడు, అందరం మిక్చరూ కాఫీ తీసుకున్నాం. తరువాత ఆయన నన్ను షెడ్డులోకి పిలిచాడు.

"మాటని, కోడుని వేరు సెయ్యొద్దురా తమ్ముడా," అన్నాడు. "మాట పోయిందంటే మిగిలేది ఎవురికీ అర్తం కాదు."

సరే అన్నాను. అది నేను ఆయనకి ఇచ్చిన మాట. ఈ కథలో పోతుందో ఉంటుందో అని నేను కొట్టుకులాడింది దాని కోసమే.

రెండేళ్ల కిందట మా పెట్టెల్లో వాడే చిప్పు దొరకడం మానేసింది. కొత్త చిప్పు తెచ్చారు. దాంట్లో ప్రోగ్రాం పైథాన్‌లో రాయాలి. పాతది సీ భాషలో ఉంది. ఈ పని కోసం తిరుచ్చులి నుంచి ఒక అమ్మాయిని తీసుకున్నారు. చదువుకున్న పిల్ల, పనిమంతురాలు, తెలుగు బొత్తిగా రాదు. పాత కోడ్ చూసి కొత్తది రాసేయమని ముదలాళి ఆమెకి చెప్పాడు. పుస్తకం సంగతి ఏమిటని నేను అడిగాను. ఇన్నేళ్లలో నా అంతట నేను నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి అయి ఉంటుంది, ఆయన కొంచెం ఆశ్చర్యపోయాడు. మా టూల్ కొత్త భాషని తీసుకోగలిగితే పుస్తకం ఉంచుదాం, లేకపోతే లేదు అన్నాడు. గడువు ఐప్పసి నెలలో, అంటే దీపావళి రోజుల్లో, పడే వానల దాకా. వానలు పడితే పప్పు చెమ్మ పడుతుంది, మిల్లులకి అప్పుడే పెట్టెలు కావాలి.

ఇక్కడ టూల్ కష్టం కొంచెం చెప్పాలి. మా పాత టూల్‌కి సీ భాష ఒక్కటే వచ్చు. ఆ భాషలో ఏ మాటలు లావుగా అచ్చు వేయాలో, వివరణ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో దానికి తెలుసు. కోడ్‌లో తప్పుంటే పుస్తకంలో ఏ పుటలో ఉందో చూపించడం కూడా తెలుసు. వేరే భాష ఇస్తే తెల్లమొహం వేస్తుంది. ఏ భాషా తెలియకుండానే ఏదిచ్చినా మోసే టూల్స్ కూడా ఉన్నాయి. కానీ వాటికి మారాలంటే మూడు వందల పుటల గుర్తులన్నీ మళ్లీ పెట్టుకోవాలి. పాతదానికే కొత్త భాష నేర్పడం సులువనుకున్నాను. ముసలి ఎద్దుకి కొత్త దారి నేర్పడం సులువని ఎవరైనా అనుకుంటారా? నేను అనుకున్నాను.

మూడు నెలలు పట్టింది. పగలు ఆఫీసు పని, రైల్లో పోతూ వస్తూ టూల్ పని, ఆదివారాలు కూడా అదే. ఆ అమ్మాయి కొత్త ప్రోగ్రాం మొత్తం రాసి నాకు పంపింది. దాన్ని ముక్కలు చేసి, పుస్తకంలో పాత సీ ముక్క ఉన్న ప్రతి చోటా కొత్తది పెట్టాను. మాటలు కదపలేదు. కొత్త భాషలో లావు అచ్చు మాటల పట్టీ తయారుచేశాను. వెనక పదాల సూచిక వచ్చేట్టు చేశాను. అచ్చు తీసి చూస్తే ఎంత అందంగా వచ్చిందో. ఆ పుటలు ఇంటికి తీసుకెళ్లి మా ఇంటావిడకి చూపిస్తే, ఇదంతా ఎవరు చదువుతారు అంది. ఆ రాత్రి ఆవిడతో మాట్లాడలేదు.

ఆ అమ్మాయి మధ్యమధ్య ఫోన్‌లో ప్రశ్నలు పంపేది. ఎదురుగానే కూర్చునేవాళ్లం, అయినా మెసేజే పంపేది, నా మొహం చూసి భయపడి ఉంటుంది. వేడి ఈ చోటే ఎందుకు కొలుస్తున్నారు సార్? పుస్తకంలో ఉంది అని జవాబు కొట్టేవాణ్ణి. బర్నర్ ఆపే ముందు వేడి ఎక్కువగా ఉందని వరసగా మూడుసార్లు ఎందుకు చూస్తున్నారు సార్? పుస్తకంలో ఉంది. ఆమెకి ఆ పుస్తకం చదవడం రాదని నాకు తెలుసు. తెలిసే అలా చెప్పాను. పుస్తకం విలువ వీళ్లకి అలాగైనా తెలియాలి అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. కొన్నాళ్లకి ఆమె అడగడం మానేసింది.

సీ భాషలో కోడ్ ముక్కని ఎంత పక్కకి జరిపి రాసినా యంత్రానికి పట్టదు. ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు అన్నది కుండలీకరణాలు చెబుతాయి. పైథాన్‌లో అలా కాదు. ఎడమ అంచునించి ఎంత జరిపి రాశామన్నదే అర్థం. నాలుగు ఖాళీలు జరిపిన వాక్యం లోపలిది, జరపనిది బయటిది. మా టూల్ ముక్కలు పేర్చేటప్పుడు ఈ జరుపు సంగతి పట్టించుకునేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, దాన్ని సరిచేశాను కూడా. ముక్క ఏ చోట చేరుతుందో అక్కడి జరుపునే ముక్కలోని ప్రతి వాక్యానికీ ఇచ్చేట్టు చేశాను. ఒక్కటి మరిచాను. పుస్తకంలో ఒకే పేరుతో ఒక ముక్కని రెండు చోట్ల రాయొచ్చు. మొదటిది ముందు రాసుకుని, తరువాత ఎప్పుడో ఇంకో పుటలో దానికి కొనసాగింపు చేర్చవచ్చు. టూల్ రెండిటినీ కలుపుతుంది. నా సవరణ మొదటి సగానికి జరుపు ఇచ్చింది, చేర్చిన సగానికి ఇవ్వలేదు.

అలా చేర్చిన ముక్క మూడు వందల పుటల్లో ఒక్కటే ఉంది. వేడి మూడుసార్లు వరసగా హద్దు దాటితే బర్నర్ ఆపేసే ముక్క. అది రాసింది నేనే. పదేళ్ల కిందట ఒక మిల్లులో పప్పు కమిరిపోతే రెండు రోజులు అక్కడే నిలబడి కనిపెట్టి రాశాను. నేను ఇంకో మిల్లుకి వెళ్లి పక్కన లేని రోజున అన్న దాన్ని పుస్తకంలో చేర్చి, దాని చుట్టూ తన మాటలు రాసుకున్నాడు. కొత్త భాషకి మార్చేటప్పుడు ఆ పుట రాగానే నేను మాటలు చదవలేదు. నా ముక్క గురించి నాకు చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే కదా అనుకుని, పాత కోడ్ తీసి కొత్తది పెట్టి పుట తిప్పేశాను.

జరుపు లేని ఆ సగం, డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ చూస్తూ ఉండాల్సిన వలయంలోంచి బయటపడిపోయింది. అంటే డ్రమ్ము ఆగాక మాత్రమే, వేడి ఎక్కువైందా అని చూస్తుంది. యంత్రం తప్పు పట్టలేదు, దాని లెక్కలో అది సరైన ప్రోగ్రామే. ఆఫీసు బల్ల మీద నడిపి చూశాం, బాగా నడిచింది. బల్ల మీద వేడి ఎక్కడిది?

వానలకి ముందు మొదటి కొత్త పెట్టె విరుదునగర్‌లోనే ఒక పప్పు మిల్లులో బిగించాం. గోడ మీద చోటు లేదు, పాతది తీసేయమని మిల్లాయన అన్నాడు. నేను తీసేశాను. నాలుగో రోజు పొద్దున మినపప్పు ఆరుతుండగా బర్నర్ ఆగలేదు. పొగ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. మిల్లులో పనిచేసే ఒకాయన పరుగెత్తి మెయిన్ స్విచ్ లాగేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. నేను వెళ్లేసరికి డ్రమ్ము తలుపు తీసి పెట్టారు, లోపల పప్పు కాఫీ గింజల్లా ఉంది. మిల్లాయన నన్ను తిట్టలేదు. ఒక గుప్పెడు పప్పు తీసి నా చేతిలో పోసి లోపలికి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

తప్పు కనిపెట్టింది ఆ అమ్మాయే. టూల్ తీసిన ప్రోగ్రాంనీ, తాను మొదట పంపిన ప్రోగ్రాంనీ పక్కపక్కన పెట్టి చూసింది.

"సార్, నేను పంపినదాంట్లో ఇది లోపల ఉంది," అని వేలితో చూపించింది.

ఆమె గొంతులో నింద లేదు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను, మళ్లీ పెట్టుకున్నాను, ఆ నాలుగు ఖాళీలు అక్కడ లేవు. మూడు నెలలు లావు అక్షరాల కోసం తన్నుకున్నాను. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

ముదలాళి కూడా కేకలు వేయలేదు. ఆయనకీ వయసు మీద పడింది. ఇక పుస్తకం వద్దు, ఆ పిల్ల రాసింది రాసినట్టు పెట్టెలో వేయండి, మీరు సంతకం పెట్టండి చాలు అన్నాడు. నేను తల ఊపాను. ఇచ్చిన మాట పోయింది. ఆ రోజు రైల్లో సాత్తూరు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

ఆదివారం అరుప్పుకోట్ట బస్సెక్కాను. నిజం చెప్పాలంటే క్షమాపణ అడగడానికి కాదు, ఓదార్పు కోసం వెళ్లాను. నేను ఇంత కష్టపడ్డాను, వీళ్లు పుస్తకాన్ని తీసేశారు అని చెబితే అన్న నా తరఫున నాలుగు మాటలంటాడని ఆశ. ఆయన ఇంటి వెనక మగ్గాల షెడ్డులో ఉన్నాడు. ఒక మగ్గం ఆగి ఉంది. దాని దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కింద కూర్చుని కొత్త పడుగు అతుకుతున్నారు. వేళ్లకి బూడిద అద్దుకుని, మగ్గంలో మిగిలిన పాత పడుగు కొనల్ని ఒక్కొక్కటే తీసి కొత్త పోగుకి మెలిపెడుతున్నారు. వేల పోగులు. అన్న నాకు కుర్చీ వేసి, వాళ్ల పని చూస్తూనే నేను చెప్పిందంతా విన్నాడు.

అంతా విని, లోపలికి వెళ్లి తన ప్రతి తెచ్చాడు. నా ముక్క ఉన్న పుట తీశాడు.

"మార్చేతప్పుడు ఇది సదివితివా?"

"అది నా ముక్కే కదన్నా. తెలిసిందే."

"ఇప్పుడు సదువు. గెట్టిగా."

ఆ ఆడవాళ్ల ముందు, బడిపిల్లవాడిలా, తమిళ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. "ఈ ముక్క వెనకాల సేర్చింది. దీన్ని ఏ బాసలోకి మార్చినా, సెన్సరు కాడ వేడి పెట్టి, బర్నరు ఆరతాదా లేదా అని కంటితో సూడండి. కొత్త పెట్టె పెట్టినాక పది దినాలు పాతది తియ్యొద్దు. రెండూ పక్కపక్కన నడవాల. పాత పడుగు కోసి పారేసినాక కొత్తది దేనికి అతకతారు?"

పుట అక్కడితో అయింది. నేను తలెత్తలేదు. ఎదురుగా ఆ ఇద్దరి వేళ్లూ ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. ఆ ఒక్క పుట చదివి ఉంటే, సెన్సర్ దగ్గర ఒక దీపం పెట్టి చూసి ఉంటే, ఆ పప్పు కాలేది కాదు. పుస్తకమూ మిగిలేది.

"నేను రాసింది సదివేకిరా," అన్నాడు అన్న. ఆయన గొంతులోనూ అలసటే ఉంది, కోపం లేదు. "నువ్వు దాన్ని నెత్తిన పెట్టుకోని తిరిగితివి. యిప్పి సూడలేదు."

నాకు ఏడుపు వచ్చింది. యాభై దాటిన మగవాణ్ణి, పరాయి ఆడవాళ్ల ముందు. ఆపుకున్నాను. మాట నిలబెట్టుకోలేకపోయాను అన్నా, కోడ్ ఒక చోట, మాట ఒక చోట అయిపోయాయి అన్నాను.

అతుకుతున్న ఆమె పోగు తెగిందని చెబితే, ఆయన లేచి వెళ్లి సరిచేసి వచ్చాడు.

"ఆ పాపకి సదివి సెప్పు," అన్నాడు. "అరవంలోనే సెప్పు. ఆమె తన మాటలో రాసుకోనీ. మన తెలుగు పోతే పోనీ."

పోతే పోనీ అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఆ మాట ఆయనకి ఎంత బరువో నాకు తెలుసు. మా ఇంటి మాటని బడి మోయలేదు, ఆఫీసు మోయలేదు, ఆయన ఒక్కడే మూడు వందల పుటలు మోశాడు. దాన్ని ఆయన చేతే వదిలించాను. తిరుగు బస్సులో నాకు కిటికీ సీటు దొరికింది, బయట ఏముందో చూడలేదు.

మర్నాడు ముదలాళిని అడిగాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక రోజూ ఒక గంట ఆ అమ్మాయితో కూర్చుంటాను అన్నాను. మీ ఇష్టం అన్నాడు. ఆమెనీ అడిగాను. ఆమె నా వంక అనుమానంగా చూసింది, చూడక ఏం చేస్తుంది. తరువాత బీరువాలోంచి పుస్తకం తానే తెచ్చి బల్ల మీద పెట్టింది. నేరుగా అవసరమైన చోటికి వెళ్దామన్నాను. కాదు సార్, మొదటినించీ వరసగా వెళ్దాం అంది. గట్టిపిల్లవే అనుకున్నాను.

అలా మొదలుపెట్టాం. నేను తెలుగులో ఒక వాక్యం చదవడం, తమిళంలో చెప్పడం, ఆమె తన కోడ్ పక్కన తన మాటల్లో టైపు చేసుకోవడం. ఆమె మాటలు పొట్టివి. అన్న అరపుట రాసినదాన్ని ఆమె ఒక్క వరసలో ముగించేది. మొదట్లో నాకు ప్రాణం ఉసూరుమనేది. డ్రమ్ము తిరిగే చప్పుడుని బట్టి పప్పు ఆరిందో లేదో తెలుసుకోవడం గురించి అన్న రాసిన పుట ఉంది, దాన్ని ఆమె పూర్తిగా వదిలేసింది. అది కోడ్‌కి అక్కర్లేదు సార్ అంది. ఆ పుట నేను రెండుసార్లు చదివి ఊరుకున్నాను. కొన్నిచోట్ల మాత్రం ఆమె ఆగి, ఇది నాకు తట్టనే లేదు అని తన కోడ్ మార్చుకుంది. అలాంటివి ఐదారు ఉంటాయి. అప్పుడు నాకు కొంచెం ఊపిరి వచ్చినట్టుండేది. వానలు మొదలై, ఆగి, మళ్లీ ఎండలు వచ్చాయి. కొత్త పెట్టెలు వెళ్తూనే ఉన్నాయి. ప్రతిచోటా పది రోజులు పాత పెట్టె పక్కనే ఉంచాం, గోడ మీద చోటు లేదన్న వాళ్ల దగ్గర నేల మీద పెట్టాం.

మాసి నెలలో, శివరాత్రి రోజుల్లో, ఒక మధ్యాహ్నం నా ముక్క ఉన్న పుట వచ్చింది. అరుప్పుకోట్టలో గట్టిగా చదివిన మాటలన్నీ మళ్లీ చదివి ఆమెకి చెప్పాను. ఆమె రాసుకుంది. అయిపోయిందనుకుని పుస్తకం మూయబోయాను. వెనక పుటలో ఇంకా ఉంది సార్ అంది.

తిప్పాను. నాలుగు వరసలు ఉన్నాయి. పెదాలు కదుపుతూ చదువుకున్నాను.

"ఈ ముక్క రాసింది నేను కాదు, తమ్ముడు. రెండు దినాలు మిల్లులో నిలబడి కనుక్కున్నాడు. మూడుసార్లు ఏలని నేను అడగలేదు, అందుకే ఇక్కడ రాయలేదు. వాడు అడిగితే సెప్పతాడు, అడక్కపోతే సెప్పడు. సదివేవాళ్లు వాణ్ణి అడగండి."

పదేళ్లుగా అది అక్కడే ఉంది. నన్ను ఎవరూ అడగలేదని నేను ఉడికిపోతున్న అన్నేళ్లూ, నా వెనక బీరువాలో, నన్ను అడగండని ఒక మనిషి రాసిపెట్టి ఉంచాడు. దాన్ని చదవగలిగినవాణ్ణి ఆఫీసులో నేనొక్కణ్ణే.

"ఏముంది సార్ అందులో?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఏమీ లేదు, సొంత విషయం అని చెప్పేద్దామనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పుట మీద వేలు పెట్టి, ఒక్కొక్క వాక్యమే తమిళంలో చెప్పాను. చివరి వాక్యం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆమె నవ్వలేదు. వానలకి ముందు తాను పంపిన మెసేజ్ ఆమెకీ గుర్తొచ్చి ఉంటుంది. కీబోర్డు మీదనించి చేతులు తీసి నా వైపు తిరిగింది.

"అయితే అడుగుతున్నాను సార్. మూడుసార్లు ఎందుకు?"

పడమటి గాలి డ్రమ్ము నోట్లోకి కొట్టినప్పుడు మంట ఊగి, సెన్సర్ ఒకటి రెండుసార్లు ఉత్తుత్తి వేడి చూపిస్తుంది. మూడోసారి కూడా చూపిస్తే అది నిజం వేడి. నాలుగోదాకా ఆగితే పప్పు కమురు వాసన పట్టేస్తుంది, ఆ వాసన ఇక పోదు. ఇదేదీ పుస్తకంలో లేదు. చెప్పాను.